బిందెలు తాగిన డీజిల్

రైలింజనులో డీజిల్ అయిపోతుందని బయటివాళ్లెవరూ అనుకోరు. తొంభైల చివర్లో ధర్మవరం వైపు పోయే ప్యాసింజరుకు నేను అసిస్టెంటు డ్రైవరును. డీజిల్ షెడ్డులోనే పట్టించాలి, పోయి రావడానికి అదే సరిపెట్టుకోవాలి. ఇంజను ఒకసారి ఆపితే ఆ ముసలి బ్యాటరీలతో మళ్లీ లేస్తుందన్న నమ్మకం లేదు. అందుకని ఎంతసేపు నిలిచినా ఆపేవాళ్లం కాదు. గూడ్సులకు దారివ్వడానికి మమ్మల్ని పక్క లైనులో గంటలకొద్దీ నిలబెట్టేవాళ్లు. కదలని బండి డీజిల్ తాగుతూనే ఉండేది.

అనంతపురం దాటాక ఒక చిన్న హాల్టు. ఆ వేసవిలో ఆ ఊరి బోర్లన్నీ ఎండిపోయాయి. ఆడవాళ్లు ప్లాస్టిక్ బిందెలతో బోగీలెక్కి కుళాయిల్లో నీళ్లు పట్టుకునేవాళ్లు. మా డ్రైవరు కిందికి దిగి, ఇంజనులో ఏదో చూస్తున్నట్టు నటిస్తూ బిందెలన్నీ దిగేదాకా తచ్చాడేవాడు. ఒకామె ఓరోజు ఆయన దగ్గరికొచ్చింది.

"ఎనుము ఒక్కటే మిగిలుండాది నాయనా. పాలమ్ముకొని బతుకుతాండాం. ఇదీ పోతే ఇల్లు మూసి బెంగళూరికి కూలికి పోవల్ల."

"నిదానంగా పట్టుకోమ్మా, యాడికీ పోములే" అన్నాడాయన.

ఒకసారి తిరుగు ప్రయాణంలో, షెడ్డు ఇంకాస్త దూరం ఉందనగా ఇంజను ఆగిపోయింది. ట్యాంకు ఖాళీ. ఆ రోజు సగం పూట పక్క లైనులోనే కాచుకున్నామని ఎంత మొత్తుకున్నా విచారణలో ఒక్కరూ వినలేదు. డీజిల్ బిందెలే తాగాయని తేల్చారు. హాల్టులో అర నిమిషం మించితే ఉద్యోగాలు ఊడతాయన్నారు. తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

మరునాటి నుంచి బిందె అడుగు తడవకముందే హారన్ మోగేది. ఆమె ఇంజను పక్కన పరుగెత్తేది. "ఏమప్పా, ఒక్క బిందె! ఎనుము లేవలేకుండాది!" డ్రైవరు అటు చూసేవాడు కాదు. నేను చూసేవాణ్ని, చూసి చేయగలిగింది ఏమీ లేదు.

కొన్నాళ్లకు ఆమె హాల్టులో కదలకుండా నిలబడి కనిపించింది. ఏమనిపించిందో, డ్రైవరు బండాపి దిగాడు. "పోతే పోయింది ఉద్యోగం. పట్టుకోమ్మా, నిలిపినాను" అన్నాడు.

ఆమె చంకలో మూట సర్దుకుంది. "బిందె తేలేదు నాయనా. టికెట్టు తీసుకున్నా. ఇంక పోనీ బండి."

ఆమె బోగీ ఎక్కినా ఆయన కిందే ఉండిపోయాడు. చేయి పట్టి నేనే ఇంజనులోకి లాక్కున్నాను.