అన్నకు రెండు రోజులు, నాకు ఐదు

మా అన్నకు ప్రొద్దుటూరులో బట్టల అంగడి ఉంది. నేను జమ్మలమడుగులో టీచర్ని. అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఆమెకు షుగరు.

కరోనా వచ్చిన మొదటి ఏడాదే అన్నకు తగులుకుంది. మిద్దె మీది గదిలో రెండు వారాలు ఒక్కడే ఉండి, సగం మనిషై దిగివచ్చాడు. మరుసటి ఏడు టీకాలు వచ్చినప్పుడు అమ్మా నేనూ రెండు డోసులూ వేయించుకున్నాం. అన్న మాత్రం ఎంత చెప్పినా వినలేదు.

"నాకు ఒగసారి వచ్చిపాయ గదమ్మీ. ఇంగ నాకు సూదేల?" అన్నాడు.

కరోనా రెండో విడతలో అన్న ఎదురంగడి ఆసామి మళ్లీ మంచం పట్టాడు. ఆయనకూ అంతకుముందు ఒకసారి వచ్చి తగ్గిందే. ఈసారి కడపలో ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. ఆయన బతికి ఇంటికొచ్చిన వారంలోనే అన్న ఎవరికీ చెప్పకుండా పోయి మొదటి సూది వేయించుకున్నాడు. గడువు ప్రకారం రెండోదీ పూర్తిచేశాడు.

కొన్ని నెలల తర్వాత పులివెందులలో చిన్నాన్న మనవరాలికి పేరు పెడుతుంటే ముగ్గురం పోయాం. ఫోటో కోసమని మాస్కు తీసి సంచిలో వేసుకున్నదాన్ని, మళ్లీ పెట్టుకోలేదు. మూడోనాటికి నాకు జ్వరం. అన్నకూ అదే రోజు మొదలైంది. ఆయనకు రెండు రోజుల్లో తగ్గిపోయింది. నేను ఐదు రోజులు లేవలేదు. ఆలోగా అమ్మకు దగ్గు పట్టుకుంది. అది నావల్లే వచ్చిందని నాకు తెలుసు. గంటకోసారి ఆమె వేలికి ఆక్సీమీటరు తగిలించి, ఆక్సిజన్ అంకె కిందికి పడకుంటే చాలనుకుంటూ చూసేదాన్ని. పడలేదు. వారానికి లేచి కూర్చుంది, నీరసం మాత్రం నెల ఉంది.

అమ్మను చూపించడానికి, మొదటిసారి అన్నకు మందులిచ్చిన ప్రొద్దుటూరు డాక్టరు దగ్గరికి పోయినప్పుడు అన్న కూడా వచ్చాడు. నాకు కోపం ఆగలేదు.

"రెండు సూదులేసుకున్నా నాకెందుకొచ్చె సార్?"

"ఇది పాతది కాదమ్మా, రూపు మార్చుకొని వచ్చింది. మీరు టీకా వేసుకొని శానా నెలలాయ. గొంతు కాడనే ఆపే బలం తగ్గిపోయింటాది. అయినా ఒళ్లు అంతా మర్చిపోదు. మీ అమ్మకు ఊపిరితిత్తుల దాకా దిగకుండా కాపాడింది ఆ సూదులే అనుకుంటాండా."

"మరి మా అన్నకు అంత తొందరగా ఎట్ల తగ్గె?"

"ఆయన ఒళ్లు జబ్బునూ చూసింది, టీకానూ చూసింది. దానివల్ల కావచ్చు. ఒగ మనిషిని చూసి గట్టిగా చెప్పలేం."

అన్న ముఖం వెలిగింది. "అట్లయితే ఒగసారి తెచ్చుకునేదే మంచిదా సార్?"

డాక్టరు రాస్తున్న పెన్ను ఆపాడు. "మొదటిసారి నువ్వు మిద్దె దిగొచ్చినావు గాబట్టి అడుగుతాండావు. దిగిరానోళ్లను నేను శానామందిని చూసినా."



జబ్బు తగ్గి మూడు నెలలు దాటాక అమ్మను బూస్టరు డోసుకు తీసుకుపోయాను. సూది సిద్ధం చేస్తున్న నర్సును అమ్మ అడిగింది: "ఇది కొత్తదానికా, పాతదానికా పాపా?"

"పాతదానికి చేసిందే అవ్వా. కొత్తదానికి గూడా కొంత పనికొస్తాది."

అమ్మ ఎడమ చెయ్యి ముందుకు చాపింది.