గ్లెనిస్ నోట రాని మాట

హెస్కెత్ శాండ్స్ అనే ఊళ్ళో సముద్రపు గట్టు మీద నలుగురు కలిసి వేయించిన చేపలు తింటుంటే, ఆ వాసన పక్క బెంచీవాడికి కూడా తగలదు. గాలి అంత జోరు. అలాంటి చోట గ్లెనిస్ టాటర్సాల్ ఈ-సిగరెట్ పీల్చి వదిలే గుప్పెడు ఆవిరి ఎవరికో ఊపిరాడనివ్వలేదట. ఎవరో ఫిర్యాదు చేశారు, టౌన్ కౌన్సిల్ వారు కదిలారు. ఊళ్ళో రోడ్డు గుంతల కోసం ఎన్నేళ్ళు మొత్తుకున్నా కదలనివాళ్ళు దీనికి మాత్రం చకచకా కదిలారు.

గ్లెనిస్ బడి వంటశాలలో జీవితమంతా కస్టర్డ్ కలిపి రిటైరైంది. మొగుడు డెనిస్‌తో పోటీగా సిగరెట్లు కాల్చింది కూడా. ఊపిరితిత్తులు పాడై డెనిస్ పోయాక, ఆమె దగ్గు విన్న డాక్టరు "తర్వాత మీరే" అన్నాడు. అప్పట్నుంచీ ఈ-సిగరెట్ పట్టింది. రూబార్బ్ కస్టర్డ్ మిఠాయి వాసన వచ్చే ఆవిరి. అసలు సిగరెట్ మళ్ళీ ముట్టలేదు. రోజూ మధ్యాహ్నం గట్టు మీద డెనిస్ కూర్చున్న బెంచీ మీదే కూర్చుని, నాలుగు సార్లు పీల్చి, సముద్రాన్ని నాలుగు తిట్లు తిట్టి ఇంటికి పోయేది.

ఇప్పుడు కౌన్సిల్ పెట్టబోయే నిబంధన ఏమిటంటే, గట్టు మీదా బస్‌స్టాపుల్లోనూ ఆవిరి పీల్చకూడదు. పీల్చాలంటే కార్ పార్కు చివర సిగరెట్లవాళ్ళ షెడ్డుకు పోవాలి. ఆ మాట వినగానే గ్లెనిస్ హడలిపోయింది. ఎందుకంటే ఆ షెడ్డులో విల్ఫ్ ఉంటాడు.

విల్ఫ్ చెడ్డవాడు కాడు, మర్యాదస్తుడు. అదే ప్రమాదం. తన పక్కన ఎవరు నిలబడ్డా సిగరెట్ పెట్టె తెరిచి చాపుతాడు. ఇక గ్లెనిస్ సంగతి ఊరందరికీ తెలుసు. ఆ ఊళ్ళో ఎవరేది ఇచ్చినా మొదటిసారి "అబ్బే, వద్దులెండి" అనాలి, రెండోసారి అడిగితే "మీరింతగా అంటున్నారు కాబట్టి" అంటూ తీసుకోవాలి. మొదటి వద్దు లెక్కలోకి రాదు. మిగతావాళ్ళు ఇష్టం లేకపోతే రెండోసారి ఏదో సాకు చెప్పి తప్పించుకుంటారు. గ్లెనిస్‌కు సాకు తోచదు. పొరుగావిడ చిలుక ఆమె ఇంటికి అలాగే వచ్చింది, చర్చి హాల్లో టీ కాచే పని అలాగే మీద పడింది. నిజం చెప్పాలంటే డెనిస్ కూడా అలాగే వచ్చాడు. అతను రెండుసార్లు అడిగాడు మరి.

కౌన్సిల్ సమావేశానికి ముందురోజు పబ్బులో అందరూ "నీ వెనక మేమున్నాం గ్లెనిస్" అన్నారు. మాట తప్పలేదు, సమావేశంలో ఆఖరి వరుసలో కూర్చుని బూట్లు చూసుకున్నారు. గ్లెనిస్ ఒక్కతే లేచి నిలబడింది.

"సిగరెట్ మానడానికి నేను పడ్డ పాట్లు పగవాళ్ళకి కూడా వద్దండీ," అంది. "ఇప్పుడు మీరు నన్ను ఆ షెడ్డులోకి పొమ్మంటున్నారు. తాగుడు మానినవాణ్ణి మంచినీళ్ళు కావాలంటే పబ్బుకి పోయి తాగమన్నట్టుంది. అక్కడ విల్ఫ్ ఇస్తాడు. నేను పుచ్చుకుంటాను. పుచ్చుకుంటే చస్తాను. అంతే నేను చెప్పేది."

అధ్యక్షుడు ఆర్మిటేజ్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఎంత చక్కగా చెప్పారు మిసెస్ టాటర్సాల్. ఇంత పట్టింపు ఉన్నవాళ్ళే మాకు కావాలి. ఆ షెడ్డు దగ్గర నిలబడి గట్టు మీది జనానికి నిబంధన గుర్తుచేయడానికి మనిషి లేక ఇబ్బందిగా ఉంది. ఆ పని మీరు చూస్తే..."

"అబ్బే, నేనెక్కడండీ."

"మీకంటే తగినవాళ్ళెవరు చెప్పండి?"

హాలంతా ఆమెకేసి చూసింది. "మీరింతగా అంటున్నారు కాబట్టి..." అంది.

చప్పట్లు మోగాయి. నిబంధన ఏకగ్రీవంగా నెగ్గింది. వ్యతిరేకించడానికి వెళ్ళిన మనిషి కాపలాదారు తొడుక్కునే పసుపుపచ్చ కోటు చంకన పెట్టుకుని ఇంటికొచ్చింది. ఇస్తే పుచ్చుకుంటానని ఆమె చెప్పిందే కళ్ళెదుట జరిగినా ఒక్కడికీ బుర్రకెక్కలేదు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సోమవారం కోటు తొడుక్కుని షెడ్డు బయట నిలబడింది. కాపలా మనిషి కాబట్టి తన ఈ-సిగరెట్‌ను సంచి అడుగున దాచేసింది. వాన మొదలైంది. ఆ ఊరి వాన పైనుంచి కాదు, పక్కనుంచి కొడుతుంది. తప్పక షెడ్డులోకి జరిగింది.

పొగ ముక్కుకు తగిలేసరికి ఆమెకు ప్రాణం లాగేసింది. విల్ఫ్ జరిగి చోటిచ్చాడు. పెట్టె తెరిచాడు.

"తీసుకో అమ్మాయ్. తడిసి ముద్దయ్యావు."

"వద్దు విల్ఫ్."

"ఒక్కటేలే. వెచ్చగా ఉంటుంది," అన్నాడు విల్ఫ్. పాపం, రెండోసారి అడక్కపోతే అమర్యాద కదా.

గ్లెనిస్ చెయ్యి సగం దాకా పోయింది కూడా. ఆఖరి నెలల్లో రెండు మెట్లెక్కితే చాలు, గోడ పట్టుకుని నిలబడిపోయే డెనిస్ గుర్తొచ్చాడు. భయం వేసింది, తర్వాత కోపం వచ్చింది.

"వద్దన్నానుగా," అంది.

విల్ఫ్ చాపిన చెయ్యి చాపినట్టే ఉండిపోయింది. రెండోసారి కూడా వద్దంటే ఆ తర్వాత ఏం చెయ్యాలో అతనికి ఎవరూ నేర్పలేదు.

"ఒంట్లో బాగానే ఉందా?" అని మాత్రం అడిగాడు.

"ఏమో," అంది గ్లెనిస్. వానలోనే తిన్నగా కౌన్సిల్ ఆఫీసుకు నడిచింది. కోటు విప్పి ఆర్మిటేజ్ గారి బల్ల మీద పెట్టింది. నీళ్ళు ఆయన కాగితాల మీదికి కారాయి.

"ఈ పని నాకొద్దండీ."

"అయ్యో, మొదటిరోజే కదా. ఇంకోసారి ఆలోచించుకోండి మిసెస్ టాటర్సాల్."

"మీరూ రెండోసారి అడిగేశారు కదా. వద్దు."

ఆయన తడిసిన కాగితాలు దులుపుకోసాగారు. గ్లెనిస్ గట్టుకు వచ్చి, డెనిస్ బెంచీని చేత్తో తుడిచి కూర్చుంది. సంచి అడుగునుంచి ఈ-సిగరెట్ తీసి గట్టిగా ఒకటి పీల్చి వదిలింది. ఎవరైనా వచ్చి ఆపుతారేమోనని కాసేపు అటూ ఇటూ చూసింది. ఆపాల్సిన మనిషి ఆ ఉదయమే ఉద్యోగం మానేసింది.