మైనం బాబాయ్ గొంతు

"వీడి గొంతు బొంగురుపోయింది బాబాయ్! మామూలు జలుబేనంటారా? లోపలేమైనా ఉందేమో!"

పాథాలజీ ల్యాబులో కొత్తగా చేరిన డాక్టరమ్మ మూడేళ్ల కొడుకు గురించి పొద్దున్నే పెట్టే గోల అది. వినేది టెక్నీషియన్. రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కల్ని మైనంలో పొదిగి, ఉల్లిపొర కన్నా పల్చగా కోసి, గాజు పలకల మీద పరుస్తాడు. ముప్పై ఏళ్లుగా అందరికీ ఆయన మైనం బాబాయే.

"నీ చదువంతా ఆ బుడ్డోడి నోట్లోనే వెతుకుతున్నావమ్మాయ్. టార్చిలో బ్యాటరీ అయినా మిగల్చు" అని నవ్వాడు, బొంగురుగా.

ఆ బొంగురు ఆమె చెవికెక్కలేదు. పిల్లాడికి మూడు రోజుల్లో తగ్గింది. బాబాయ్‌కి రెండు నెలలైనా తగ్గలేదు. చివరికి ఆయన గొంతులోంచి తీసిన ముక్క ఆ ల్యాబుకే వచ్చింది. ఎవరు వద్దన్నా వినకుండా ఆయనే కోశాడు.

ఎనిమిదేళ్ల కిందట ఆయనకు అక్క కిడ్నీ ఇచ్చింది. ఒళ్లు దాన్ని తిప్పికొట్టకుండా రోజూ మాత్రలు వేసుకోవాలి. అవి రోగనిరోధక శక్తిని అణచేస్తాయి. అలాంటివాళ్ల గొంతులో ఫంగస్ కొత్తేమీ కాదు.

"ఫంగసే బాబాయ్!" డాక్టరమ్మ మైక్రోస్కోపు దగ్గర్నుంచి లేచి నిలబడింది.

"ఒకటి దొరగ్గానే లేచిపోతే ఎలా? కూర్చో, ఇంకా కిందికి కోస్తా."

కింది పొరల్లో ముదురు నీలం కణాలు కిక్కిరిసి ఉన్నాయి. లింఫోమా. గొంతులో అరుదుగా వచ్చే క్యాన్సర్. మిగతా పరీక్షలూ అదే తేల్చాయి.

వైద్యంలో మొదటి మెట్టు, ఒంటికి క్యాన్సర్‌తో పోరాడే శక్తి తిరిగొచ్చేలా ఆ మాత్రలు తగ్గించడం. తగ్గిస్తే కిడ్నీ దక్కకపోవచ్చు. బాబాయ్ ససేమిరా అన్నాడు.

"అది అక్క సొత్తు!"

అక్క ఆసుపత్రి వరండాలోనే కడిగిపారేసింది. "ఒరేయ్, నువ్వు బతకాలనిచ్చాను. దాన్ని కాపాడ్డానికి నువ్వు చస్తావట్రా?"

తగ్గించారు. ఇంజెక్షన్లూ ఇచ్చారు. గడ్డ కరిగి గొంతు తేటపడింది. కిడ్నీ మాత్రం చేతులెత్తేసింది. డయాలసిస్ మీద ఐదు నెలలు లాక్కొచ్చి, న్యుమోనియాతో పోయాడు.

అంతకు వారం ముందు డాక్టరమ్మ ఆయన మంచం పక్కన కూర్చుని ఏడ్చింది. "రెండు నెలలు నా ఎదురుగానే మాట్లాడారు బాబాయ్. వినలేదు నేను."

"నేను మాత్రం విన్నానా? నా గొంతేగా!" అన్నాడు. "మూడు వారాలు దాటిన బొంగురు ఎవరిదైనా వదలకమ్మాయ్. ఊపిరందకపోతే ఆ క్షణమే పరుగెత్తు. అంతేగాని పొద్దస్తమానం బుడ్డోడి నోట్లో టార్చి వెయ్యకు. వాడేం చెబుతున్నాడో విను."

నిన్న పిల్లాడు మళ్లీ బొంగురుగా లేచాడు. ఆమె క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ సున్నా చుట్టి, టార్చిని సొరుగులో పెట్టేసి, వాడి పక్కన కూర్చుంది.

"ఊఁ, చెప్పు నాన్నా."