పట్టుపురుగుల ఇంట్లో మలేరియా మందు

కెన్యాకు పోయి సింహాలను చూసి వచ్చి నాలుగు రోజులైంది, నేనింకా టిఫిన్ కాగానే మలేరియా మాత్ర మింగుతూనే ఉన్నాను. బయలుదేరకముందే మొదలుపెట్టి, అక్కడ ఉన్నన్నాళ్లూ వేసుకుని, తిరిగొచ్చాక కూడా తాను చెప్పేదాకా ఆపొద్దని మదనపల్లె డాక్టరు గట్టిగా చెప్పాడు. నాతో వచ్చిన మా కుప్పం అల్లుడు మాత్రం ఇల్లు చేరిన మర్నాడే మానేశాడట. నిన్న ఫోన్లో "దోమలు ఆడనే ఉండాయి కదత్తా, ఇంగ యాల మాత్రలు?" అని నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. పొద్దుగూకితే నిండుచేతుల చొక్కా వేసుకో నాయనా అంటే అక్కడా ఇదే నవ్వు.

చలిజ్వరం సంగతి మన ఈడువాళ్లకు నేను చెప్పాలా! పుంగనూరు దగ్గర మా పల్లెకు మలేరియా వాళ్లు వచ్చి, ఇంటింటా గోడలకు మందు కొట్టి, కొట్టినట్టు గుర్తుగా వాకిలి పక్కన తేదీ వేసిపోయేవారు. మాది పట్టుపురుగులు మేపే ఇల్లు. మనుషులు ఒక మూల సర్దుకుంటే మిగతాదంతా పురుగుల తట్టలే. ఆ మందు తగిలితే పురుగులన్నీ చస్తాయి గనుక, మా అవ్వ వాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి, చల్లటి మజ్జిగ పోసి, నాలుగు మంచిమాటలు చెప్పి, మందు కొట్టకుండానే తేదీ మాత్రం వేయించుకుని పంపేది. పురుగులు మేపే ఇళ్లన్నీ అంతే. అవ్వ తెలివికి మేమంతా మురిసిపోయేవాళ్లం.

ఒక ఏడు వానలయ్యాక మా చిన్నాయనకు చలిజ్వరం పట్టుకుంది. ఇంట్లో ఉన్న బొంతలన్నీ కప్పినా వణుకు ఆగేది కాదు. పురుగులు గూడు కట్టే అదను, ఎవరూ ఇల్లు వదిలి కదలలేని పని. రేపు పోదాం, ఎల్లుండి పోదాం అనుకుంటూ మదనపల్లె ఆసుపత్రికి చేర్చేసరికి ఆయన మమ్మల్ని గుర్తుపట్టడం మానేశాడు. మళ్లీ ఇంటికి రాలేదు. నన్ను భుజాల మీద ఎక్కించుకుని చౌడేపల్లె దాకా నడిచిన మనిషి, ఆయనంటే నాకు ప్రాణం. పట్టుగూళ్ల పంట మాత్రం ఆసారి బాగా వచ్చింది.

మరుసటిసారి మలేరియా వాళ్లు వచ్చి అలవాటుగా అరుగు మీద కూర్చున్నారు. తట్టల నిండా పురుగులున్నాయి. అవ్వ మజ్జిగ తేలేదు. తలుపులు బార్లా తెరిచి, "లోపలికి రాప్పా. పురుగులు సస్తే సావనీ, మూలమూలా కొట్టు," అంది. మర్నాడు తట్టలన్నీ దిబ్బలో పోశాం.

ఇదంతా చెబితే అల్లుడు ఈసారి నవ్వలేదు. మాత్రలు మళ్లీ మొదలుపెట్టాడో లేదో తెలియదు. ఇప్పుడు మా పల్లెలో చలిజ్వరం పేరెత్తేవాళ్లే లేరు. మంచిదే, ఆ రోజులు మళ్లీ రాకూడదు. కానీ చిన్నాయన ఎందుకు పోయాడో తెలిసినవాళ్లంతా ఒక్కొక్కరే వెళ్లిపోయారు, ఆయన ముఖం గుర్తున్నది ఇక నాకొక్కదానికే.