నిదానం మాస్టారి బండి

ఆయన అసలు పేరు లైసెన్సు మీదే ఉంది. జనం నోట్లో మాత్రం ఆయన నిదానం మాస్టారు. బస్సు నడిపిన రోజుల్లో ఎవరు తొందరపెట్టినా “నిదానమే ప్రధానం, కూర్చోండి బాబూ” అనేవారు. ఆ మాటే పేరై అతుక్కుపోయింది. మోకాళ్ళు మొరాయించాక బస్సు దిగి, ఒక పాత కారు కొని, పక్క సీటు దగ్గర కూడా బ్రేకు పెట్టించి, ఇంటి ముందు గదిలో డ్రైవింగు స్కూలు తెరిచారు. ఆ గదిలో ఒక బెంచీ, గోడ మీద రోడ్డు గుర్తుల పటం, మేకుకి వేలాడే కారు తాళంచెవి. అంతే.

నేర్పేటప్పుడు ఆయన ఎవరినీ కసిరేవారు కాదు. కసరకుండానే మనసు నొప్పించవచ్చన్న సంగతి ఆయనకు ఆ వీధి చివరి టైలరమ్మ వల్ల తెలిసింది.

ఆవిడ ఇళ్ళకు కర్టెన్లు కుట్టేది. మూటలు మోసుకుని తిరగలేక కారు నేర్చుకుందామని వచ్చింది. చేయి కుదురు, చూపు కుదురు. కానీ కూడలి దగ్గర యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసిందంటే చాలు, ఇంజిన్ ఠక్కున ఆగిపోయేది.

“క్లచ్ నిదానంగా వదలాలమ్మా.”

“నిదానంగానే వదిలాను మాస్టారూ. బండిలోనే ఏదో ఉంది.”

ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది ఈవిడ వరస అనుకున్నారాయన. ఆ మధ్య వచ్చిన వాళ్ళందరి చేతిలోనూ బండి ఆగుతూనే ఉంది. ఈసారి దొరికినవాళ్ళే అలాంటివాళ్ళని సరిపెట్టుకున్నారు.

ఒకరోజు అదే కూడలిలో మళ్ళీ మళ్ళీ ఆగింది. వెనక నుంచి ఎవరో “ఇంటికెళ్ళి కుట్టుమిషను తొక్కుకో తల్లీ!” అని అరిచారు. టైలరమ్మ మొహం కందగడ్డయింది. బండి పక్కకు తీయించాక మాస్టారు ఓదార్పుగానే అన్నారు: “అందరికీ అన్నీ రావాలని లేదులే అమ్మా.”

ఆవిడ తాళంచెవి ఆయన చేతిలో పెట్టి, దిగి, నడిచి వెళ్ళిపోయింది.

మర్నాడు భార్యను కళ్ళ డాక్టరు దగ్గరికి తీసుకెళ్తూ ఆయనే స్టీరింగు పట్టుకున్నారు. కూడలి వచ్చింది. కాలు తీశారు. ఇంజిన్ ఆగింది. తిప్పి స్టార్ట్ చేశారు. మళ్ళీ ఆగింది. వెనకున్న బస్సు డ్రైవరు, ఒకప్పటి తోటివాడే, తల బయటపెట్టి “మాస్టారూ, నిదానం మరీ ఎక్కువైంది!” అని నవ్వాడు.

పక్క సీట్లోంచి భార్య మెల్లిగా అడిగింది: “ఏవండీ, మీరు కూడా క్లచ్ తొందరగా వదిలారా?”

ఆయన మళ్ళీ తాళం తిప్పారు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

ఆయన అల్లుడు ఒక గ్యారేజీలో మెకానిక్. వేగంగా పోయే బండ్లంటే అతనికి ప్రాణం. మామగారి కారు బానెట్ ఎత్తి, గాలి గొట్టం ఊడదీసి చూపించాడు.

“దీన్ని థ్రాటిల్ బాడీ అంటారు మామయ్యా. ఇంజిన్‌కి ముక్కు అనుకోండి. మీరు యాక్సిలరేటర్ తొక్కితే లోపల ఈ రేకు తలుపు తెరుచుకుని గాలి పోతుంది. కాలు తీస్తే మూసుకుంటుంది. సన్నగా కాస్త గాలి పోవాలి, అదీ పోవట్లేదు. అందుకే చస్తోంది.”

లోపలంతా పొగచూరిన వంటింటి గోడలా ఉంది. రేకు పట్టుకున్న ఇరుసును వేలితో కదిపితే వదులు పన్నులా ఊగింది.

“తుడిస్తే సరిపోదా?”

“నాలుగు రోజులు నడిచి మళ్ళీ మొదటికొస్తుంది. మార్చేద్దాం. మీరు వెళ్ళండి, నేను చూసుకుంటాగా.”

మాస్టారు అక్కడి నుంచి తిన్నగా టైలరమ్మ కొట్టుకు వెళ్ళారు. ఆవిడ మిషను ఆపలేదు. ఆయన గుమ్మం దగ్గరే నిలబడ్డారు.

“అమ్మా, నువ్వు ఆడలేక మద్దెల ఓడంటున్నావని మనసులో అనుకున్నాను. తీరా చూస్తే మద్దెలే ఓడు.”

మిషను ఆగింది. “అప్పుడే చెప్పాను కదా మాస్టారూ.”

“చెప్పావు. నేనే చెవిన పెట్టలేదు. తప్పు నాదే.”

ఆవిడ దారం కొరికి తెంపింది. “సరే, రేపొస్తాను. కానీ ఆ కూడలికే తీసుకెళ్ళాలి.”

“ముందు మైదానం, తరవాత కూడలి,” అన్నారాయన.

పొద్దున అల్లుడు కారు గుమ్మంలో వదిలి పనికి వెళ్ళిపోయాడు. టైలరమ్మ అప్పటికే బెంచీ మీద ఉంది. మాస్టారు స్టార్ట్ చేసి చెవి ఒగ్గారు. ఇంజిన్ పిల్లి గురకలా మెత్తగా ఆడుతోంది. ఆ సంబరంలో తాను ఒక చుట్టు నడిపి చూడాలన్న సంగతి మరిచారు. యాక్సిలరేటర్ తాకకుండా క్లచ్ మీదే మెల్లగా పక్క మైదానం దాకా పోనిచ్చి, సీటు ఆవిడకు ఇచ్చేశారు.

ఆవిడ గేరు వేసి, యాక్సిలరేటర్‌ను అలా తాకిందో లేదో, కారు తాడు తెంచుకున్న కోడెలా ఎగిరి దూకింది. ఎదురుగా పిట్టగోడ. మాస్టారు మోకాలు కదిపి తన బ్రేకు అందుకునేసరికి కారు నిలిచిపోయి ఉంది. ఇంజిన్ ఇంకా ఆడుతూనే ఉంది.

“ఎవరు తొక్కారు?” అన్నారాయన.

“నేనే. క్లచ్, బ్రేకు, రెండూ.” ఆవిడ మొహంలో ఏదో వెలుగు. “మాస్టారూ, నేను ఆపాను!”

ఇద్దరూ గ్యారేజీకి వెళ్ళేసరికి అల్లుడు నవ్వుతూ ఎదురొచ్చాడు. “ఎలా ఉంది మామయ్యా? పెద్ద ఇంజిన్ బండి థ్రాటిల్ బాడీ పెట్టాను. మన బండికి ఊపిరి చాలట్లేదు, పాపం. బోల్టులు కూడా అచ్చంగా సరిపోయాయి.”

“పసిపిల్లకి ఉగ్గు పట్టమంటే బిందెడు నీళ్ళు గుమ్మరించావు కదయ్యా! గోడకి జానెడు దూరంలో ఆగాం!” మాస్టారు అంత గొంతెత్తడం ఎవరూ ఎరగరు. అల్లుడి నవ్వు ఎగిరిపోయింది.

“చెప్పకుండా చేశాను. తప్పే మామయ్యా. మీరు సంతోషపడతారనుకున్నా.”

టైలరమ్మ మధ్యలో కలగజేసుకుంది. “గుండీలు పడ్డాయి కదా అని అన్న చొక్కా తమ్ముడికి తొడిగితే ఎలా బాబూ? చేతులు ఎక్కడున్నాయో వాడికే తెలీదు.”

ముందు నవ్వింది అల్లుడే. తరవాత మాస్టారు కూడా ఆపుకోలేకపోయారు.

ఈసారి పాతదాని కొలతదే తెప్పించారు. అతుకు దగ్గర కొత్త రబ్బరు వేసి, బోల్టులు ఎదురెదురుగా బిగించి, అల్లుడు తాళం తిప్పాడు. “ఎవరూ పెడలు తాకకండి. కొత్త ముక్కుతో ఎంత గాలి పీల్చాలో బండి తెలుసుకోవాలి.”

“బండి కూడా నేర్చుకోవాలా?”

“నేర్చుకోవాలి మామయ్యా. దీన్ని కూడా కసరకండి.”

“నేనెవర్ని కసిరానయ్యా?” అనబోయి, పక్కనున్న టైలరమ్మను చూసి ఊరుకున్నారు.

ఆ సాయంత్రమే ఆవిడ కూడలిలో ఆగింది, కదిలింది. వెనక ఎవరూ హారన్ కొట్టలేదు. పరీక్షలో మాత్రం మొదటిసారి తప్పింది. “ఈసారి బండి తప్పేం లేదు మాస్టారూ, వెనక్కి తీయడం నాకే రాలేదు” అని తనే చెప్పింది. రెండోసారి నెగ్గి, ఇప్పుడు కర్టెన్ల మూటలు చిన్న వ్యానులో వేసుకుని తిరుగుతోంది.

మాస్టారు అంతటితో ఊరుకోలేదు. ఆ మధ్య తన దగ్గర మానేసినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి జరిగింది చెప్పారు. ఇద్దరు తిరిగి వచ్చారు. ఒకతను మాత్రం గుమ్మంలోనే, “నేను వేరేచోట నేర్చేసుకున్నా లెండి. అక్కడ బండి ఆగలేదు” అన్నాడు. మాస్టారు తలూపి, “మంచి పని చేశావు బాబూ” అని మెట్లు దిగారు.