బావగారు చక్రాలు దించని రోజు

మా బావగారికి విమానం కొనుక్కోవాలని ఎందుకు బుద్ధి పుట్టిందో నాకు ఇప్పటికీ తెలియదు. ఐ.పోలవరంలో రొయ్యల చెరువులు కలిసొచ్చాయి. కారు కొన్నారు, తర్వాత అంతకంటే పెద్ద కారు కొన్నారు. మా కాలవగట్ల మీద అది మలుపు తిరగదని తేలాక, ఇక పైకి వెళ్లడం తప్ప దారి లేదనుకున్నారు కాబోలు. పైలట్ లైసెన్సు తెచ్చుకుని, నాలుగు సీట్ల సెకండ్‌హ్యాండ్ విమానం కొని, మూడు గంటల దూరంలో ఉన్న ఒక చిన్న రన్‌వే పక్కన షెడ్డులో పెట్టారు.

నేను గల్ఫ్‌లో పద్దెనిమిదేళ్లు ఇలాంటి విమానాలకే రిపేర్లు చేసి కొత్తపేట తిరిగొచ్చినవాణ్ణి. ఇంట్లోనే మెకానిక్ ఉండగా బయటివాళ్లు ఎందుకని మా అక్క తీర్పిచ్చింది. మా అక్క తీర్పు మీద అప్పీలు లేదు.

ఈ రకం విమానం గాల్లోకి లేచాక చక్రాలు కడుపులోకి ముడుచుకుంటుంది. దిగేముందు పైలట్ మీట కిందికి దించాలి. చక్రాలు దిగి బిగుసుకుంటే మూడు పచ్చ దీపాలు వెలుగుతాయి. మీట మరిచిపోయి ఇంజను వేగం తగ్గిస్తే హారన్ మోగుతుంది. కళ్లు పనిచెయ్యనివాడికి చెవులు, చెవులు కూడా పనిచెయ్యనివాడికి పక్కన కూర్చున్న మనిషి. ఆ రోజు ఆ మనిషిని నేనే.

బావగారు కూతురినిచ్చిన పలివెల వియ్యంకుడుగారు, కాళ్లు చాపుకోవడానికి వీలుగా ఉంటుందని, వెనక సీట్లో కూర్చున్నారు. కోనసీమ మీద ఒక చుట్టు తిరిగాం. బావగారు ఒక చేత్తో విమానం నడుపుతూ రెండో చేత్తో చెరువులు చూపించారు. తిరిగొచ్చి రన్‌వేకి ఎదురుగా ఇంజను తగ్గించగానే హారన్ మోగింది. ఆయన విసుక్కుని, గొంతు పెంచి, చెరువులో రొయ్యలకు గాలి ఎలా అందించాలో వియ్యంకుడుగారికి వివరించడం మొదలుపెట్టారు.

దీపాలు మూడూ నల్లగా ఉన్నాయి. నేను చూశాను. మా ఇళ్లల్లో బావగారు మాట్లాడుతుంటే బావమరిది అడ్డు తగలడు, అందులోనూ వియ్యంకుడి ముందు. అయినా నోరు పెగల్చుకున్నాను.

"బావగారండీ, చక్రాలు…"

"ఆగవయ్యా, పెద్దాయనతో మాట్లాడుతున్నాను కదా."

"ఆయ్," అన్నాను.

నా నోరు పడిపోను! గల్ఫ్‌లో అయితే ఎంత పెద్ద సారున్నా మీట నేనే కిందికి లాగేవాణ్ణి. ఇక్కడ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. విమానం పొట్ట మీద దిగింది. రేకు డబ్బాని సిమెంటు గచ్చు మీద ఈడ్చిన చప్పుడుతో సగం రన్‌వే జారి ఆగింది. ప్రొపెల్లర్ రెక్కలు వాడిన అరటాకుల్లా వెనక్కి వంగిపోయాయి. ఎవరికీ గోరంత దెబ్బ కూడా తగల్లేదు. వియ్యంకుడుగారు నేల మీదికి అడుగు పెట్టి, "చాలా బాగా దింపేరండీ, మెట్టు కూడా అక్కర్లేకపోయింది," అని మెచ్చుకున్నారు. ఆయన వెటకారం చేసే మనిషి కాదు.

సాయంత్రానికి చుట్టాలందరికీ కబురు పాకిపోయింది, చక్రాల మిషనే ఫెయిలైందని. ఆ మిషను బాగుందని నాలుగు రోజుల కిందటే సంతకం పెట్టినవాణ్ణి నేను. అది ఫెయిలైందని విచారణలో తేలితే పోయేది నా లైసెన్సు. అక్క ఫోన్ చేసింది.

"ఒరే తమ్ముడూ, వియ్యంకుడి ముందు మీ బావగారి పరువు పోతుందిరా. ఫెయిలైందని రాసిచ్చెయ్. నీ లైసెన్సు పోతే ఏవైంది, చెరువుల మీద సూపర్‌వైజరుగా పెట్టుకుంటామన్నారు."

ఒళ్లు మండిపోయింది. పద్దెనిమిదేళ్లు ఎండలో కాలే రేకు కింద దూరి సంపాదించుకున్న ఒక్క కాగితం అది. దాన్ని ఇచ్చేసి రొయ్యలకు మేత వెయ్యాలట. ఫోన్ పెట్టేశాను.

విచారణకొచ్చిన అధికారి ముందుగా విమానాన్ని జాకీల మీద ఎత్తించాడు. బావగారు, వియ్యంకుడుగారు గోడవారగా నిలబడ్డారు. నన్ను మీట దించమన్నాడు. దించాను. గీసుకుపోయిన తలుపులు కిర్రుమన్నాయి గాని, చక్రాలు మూడూ దిగి టక్కున బిగుసుకున్నాయి. మూడు పచ్చ దీపాలూ వెలిగాయి. వాటిని చూసి ఏడుపొచ్చినంత పనైంది.

బావగారు గొంతు సవరించుకుని, "చూసేరా, ఇప్పుడైతే వచ్చాయండి. అప్పుడు రాలేదు," అన్నారు.

ప్రమాదం జరిగిన రోజు ఫొటోల్లో మీట పైకే ఉందని అధికారి చెప్పాడు. బావగారు నేల చూశారు. నేను గెలిచాననుకున్నాను. అధికారి నా వైపు తిరిగాడు.

"పక్కన మీరే ఉన్నారు. దీపాలు వెలగలేదని చూశారా?"

"చూశానండి."

"మరి చెప్పలేదా?"

"చెప్పబోయేనండి. ఆగమన్నారు. ఆగేను."

ఆయన అదే రాసుకున్నాడు. విమానంలో లోపం లేదని ఒక వాక్యం, తెలిసిన మెకానిక్ పక్కనే ఉండి ఊరుకున్నాడని దాని కింద ఇంకో వాక్యం. లైసెన్సు నిలిచింది. ఆ రెండో వాక్యమూ నా పేరు మీద నిలిచింది.

ఆ పెద్ద కారులోనే తిరుగు ప్రయాణమయ్యాం. రావులపాలెం దాటాక బావగారు నా వైపు చూడకుండానే అన్నారు.

"అంత తెలిసినవాడివి, ఆగమంటే మాత్రం ఆగిపోతావా? గట్టిగా అరవొద్దూ?"

చెప్పాల్సింది గొంతు దాకా వచ్చింది. వెనక సీట్లో వియ్యంకుడుగారున్నారు.

"ఆయ్," అన్నాను.