కారని తెప్ప

యాభై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అబద్ధానికి బరువేమిటి అంటావేమో. ఉంటుంది. ఒక మనిషంత ఉంటుంది. బట్టలూ బూట్లూ నానిపోయిన మనిషంత.

ఇది చదివే నువ్వెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిసినవాళ్ల ముందు నా నోరు లేవదు. మా లాల్‌దర్వాజా గల్లీలో ఇద్దరికి లొల్లి అయితే తీర్పు చెప్పమని నన్ను పిలుస్తారు. ఈయన అబద్ధమాడడు అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా చెంప పగలగొట్టాలనిపిస్తుంది. నా చెంపే.

అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. మా కోడలు కూర్చోబెట్టి నేర్పింది. రాత వంకరగా ఉంటే సర్దుకో. విషయం మాత్రం వంకర లేకుండా చెప్తాను.

మాది తోలు పని. భిస్తీలు వీపున వేసుకుని ఇంటింటికీ నీళ్లు పోసే తోలు తిత్తులు మా నాయన కుట్టేవాడు. నేనూ అదే నేర్చుకున్నాను. మా పనిలో ఒక కట్టడి ఉంది. తోలును ఎండుగా మడవకూడదు. నూనె, కొవ్వు కలిపి కాచి, కుట్టు కుట్టుకూ వేలితో పట్టించి, అప్పుడు మడవాలి. లేకపోతే మడత దగ్గర పగులుతుంది. ఇది నాయన నాకు నోటితో చెప్పలేదు. నా చేయి పట్టుకుని రుద్దించాడు. అందుకే అది నా వేళ్లలో ఉండిపోయింది. బుర్రకు పని లేకుండా పోయింది.

రెండో ప్రపంచ యుద్ధం నడుస్తున్న రోజుల్లో ఊరి బయట విమానాల మైదానంలో నాకు పని దొరికింది. చిన్న కంపెనీ. రెండు చిన్న విమానాలు. సీట్ల తోలు కుట్టడం, చక్రాల ట్యూబులకు అతుకులు వేయడం నా పని. చదువు వచ్చా అని అడిగారు. నాలుగో తరగతి అన్నాను. ఒక్క అక్షరం రాదు. ఆ అబద్ధం ఆకలి ఆడించింది, పోనీ. నేను చెప్పబోయేది దాని తర్వాతది. దాన్ని ఎవరూ ఆడించలేదు.

అక్కడ ఇంజిన్ల మిస్త్రీ యూసుఫ్. కిషన్‌బాగ్‌లో ఇల్లు. నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఇంజిన్ పక్కన చెవి పెట్టి, జ్వరమొచ్చిన బిడ్డ రొమ్ము విన్నట్టు వినేవాడు. మధ్యాహ్నం ఇద్దరం ఒకే చెట్టు కింద డబ్బాలు విప్పేవాళ్లం. వాళ్లింటి ఖట్టీదాల్ నాకు పోసి, మా ఇంటి గోంగూర తను లాక్కునేవాడు. నేను అతని దగ్గర దాచిన సంగతి ఒక్కటే. చదువు రాదని.

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు మా కెప్టెన్‌కు కొత్త పని వచ్చింది. విమానాలు ఆయనవే, నడిపేదీ ఆయనే. మద్రాసు నుంచి సముద్రం మీదుగా లంకకు టపా మోయాలి. విమానానికి ఉన్నది ఒక్కటే ఇంజిన్. అది ఆగితే కింద నీళ్లే. అందుకని రబ్బరు తెప్ప ఒకటి పెట్టుకోవాలన్నారు. సైన్యం వదిలేసిన సరుకు ఉస్మాన్‌గంజ్ గోదాముకు వచ్చి పడి ఉంటే, అక్కడి నుంచి రెండు రకాలవి తెచ్చాడు యూసుఫ్. రెంటినీ చూసి ఏది మంచిదో తేల్చమని కెప్టెన్ మా ఇద్దరికీ అప్పజెప్పాడు.

మీరాలం చెరువుకు తీసుకుపోయాం. తెప్పకు కట్టిన గాలి సీసా తాడు లాగగానే బుస్సుమని లేచాయి. ఒడ్డున బట్టలుతుకుతున్న ఒక ముసలామె, "ఓ భాయ్, పూరీ లెక్క పొంగింది గదా! తింటరా, ఎక్కుతరా?" అని అరిచింది. యూసుఫ్, "ముందు ఎక్కుతం అమ్మా, మునిగితె మమ్మల్ని చేపలు తింటయ్" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఒడ్డు మీద నుంచి ఎక్కితే ఏ తెప్పయినా మంచిదే అనేవాడు యూసుఫ్. విమానం పడ్డాక ఎక్కాల్సింది నీళ్లలో నుంచి కదా. అందుకని బూట్లతో, చొక్కాతో చెరువులో దూకాడు. చిన్న తెప్పకు చుట్టూ ఒకటే గాలి గొట్టం. పక్క పట్టుకుని పైకి లేవబోతే అది అమాంతం తిరగబడి అతని నెత్తిన పడింది. రెండుసార్లు. పెద్ద తెప్పకు ఒకదాని మీద ఒకటి రెండు గొట్టాలు, దేని గాలి దానిదే. ఒకటి పగిలినా రెండోది తేలుతుంది. కింద నీళ్లు నింపుకునే సంచులున్నాయి, అవి దాన్ని తిరగబడనీయవు. ఎక్కడానికి తాడు మెట్టుంది. ఎండకు, గాలికి పైన గుడ్డ కప్పు. యూసుఫ్ ఒక్క ఊపున ఎక్కి అందులో కాళ్లు చాపి పడుకున్నాడు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నీళ్ల మీద ఉంచాం. కుట్లన్నీ నేను వేలితో తడిమి చూశాను. ఒక్క బుడగ లేదు.

ఏది మంచిదో ఇద్దరికీ తెలిసిపోయింది. ఈ మాట గుర్తుపెట్టుకో. నాకు తెలుసు.

చిన్నదాన్ని యూసుఫ్ ఆరబెట్టి, పొడి చల్లి మడిచాడు. అంతలో బిడ్డకు ఒళ్లు కాలుతోందని ఇంటి నుంచి కబురొచ్చింది. వెళ్తూ వెళ్తూ, పెద్ద తెప్ప సంచికి అంటించిన అట్ట చూపించి, "దీని మీద రాసినట్టు మడత పెట్టు భాయ్" అన్నాడు. సరేనన్నాను. ఇంగ్లీషు అట్ట. దాన్ని చేతిలో పట్టుకుని, చదువుతున్నట్టు కాసేపు చూశాను కూడా. పక్కన ఎవరూ లేరు. మరి ఎవరి కోసం చూశాను? ఇప్పటికీ అర్థం కాదు.

తర్వాత నా వేళ్లకు తెలిసిన పని చేశాను. నూనె, కొవ్వు కాచి తెచ్చి, కుట్టు కుట్టుకూ పట్టించాను. చిన్నదానికి పట్టించలేదు. పెద్దదే సముద్రం మీదికి పోతుంది కదా, నా వాళ్లను మోసేది కదా అని, మా నాయన తిత్తికి కూడా పట్టించనంత ప్రేమగా పట్టించాను.

రబ్బరుకు నూనె విషం. నీకు తెలిసే ఉంటుంది. నాకు పదిహేను రోజులకు తెలిసింది. విమానం మద్రాసుకు బయల్దేరే ముందు రోజు పొద్దున సంచి విప్పాను. రబ్బరు ఉబ్బి, నానిన రొట్టెలా మెత్తబడి ఉంది. వేలు పెడితే అంటుకుంటోంది. అతుకులు పొరలు పొరలుగా లేచిపోయాయి.

ఒక్క పరుగు తీసి చెప్పి ఉంటే ఏమయ్యేది? కెప్టెన్ తిట్టేవాడు. అట్ట చదవలేదా అనేవాడు. చదవడం రాదని తేలేది. పని పోయేదేమో. యూసుఫ్ నవ్వేవాడేమో. అంతే కదా! ఉస్మాన్‌గంజ్ గోదాములో అచ్చం అలాంటివే ఇంకా నాలుగు పడి ఉన్నాయి. ఎద్దుబండి మీద పోయినా పొద్దుగూకే లోపల ఒకటి తెచ్చుకోవచ్చు. అయినా సంచి మూసి, తాడు బిగించి, దాని మీద పాత గోనెలు వేశాను.

మధ్యాహ్నం కెప్టెన్ వచ్చాడు. ఆ పూట మాట్లాడుకున్నది ఒక్క ముక్క కూడా మరిచిపోలేదు.

"ఏం మియా, ఏది పెట్టమంటవ్?" అని యూసుఫ్‌ను అడిగాడు.

"పెద్దదే సాబ్. చిన్నదాన్ని నీళ్లల్లకెంచి ఎక్కరాదు, బోల్తా కొడ్తది. సముద్రమంటె మీరాలం చెరువా?"

"దాని బరువు చూసినవా? అది ఎక్కితె ఒక మనిషి దిగాలె."

"అయితె నన్నే దించుండ్రి. ఇంట్ల ఖుష్ అయితరు."

కెప్టెన్ నవ్వి నా వైపు తిరిగాడు. "నువ్వేమంటవ్? నీ చెయ్యి పడితె కుట్టు నిజం చెప్తదంటరు."

"పెద్దది కారుతది సాబ్," అన్నాను.

యూసుఫ్ నివ్వెరపోయాడు. "ఏందీ? నేనూ ఉన్న గదా! ఎప్పుడు కారింది?"

"నువ్వు పోయినంక. మడత పెడ్తుంటె చూసిన. కుట్టు పొడుగూత పోయింది."

"అతుకేద్దాం మరి. నీకంటె మొనగాడెవడు అతుకేసెటోడు?"

"నిల్వదు భాయ్."

"గట్లయితె ఇంకోటి తెస్త. గోదాముల మస్తున్నయ్."

"ఆ మాలంత గట్లనే ఉంటది. కుట్టే మంచిది గాదు."

ఇదిగో, ఇక్కడ. నీ వేలు ఇక్కడ పెట్టు. నా తప్పు దాచడానికి ఒక తెప్ప గురించి అబద్ధమాడితే సరిపోయేది. నేను మిగిలిన నాలుగింటినీ కలిపి చంపాను. యూసుఫ్‌కు ఇంకో దారి లేకుండా చేశాను.

అతను నన్ను చూశాడు. అనుమానంగా చూసి ఉంటే బాగుండేది. "నువ్వు చూసినవంటె చూసినట్టే," అన్నాడు. కెప్టెన్‌కు బరువు తగ్గినందుకు సంతోషం. "మనం సముద్రంల పడ్తమా ఏంది, ఫికర్ చెయ్యకుండ్రి," అని చిన్నదాన్ని ఎక్కించమన్నాడు. నేనే ఎత్తి పెట్టాను. తేలికగానే ఉంది.

నాలుగో ప్రయాణంలో ఇంజిన్ ఆగింది.

విమానంలో ఇద్దరే ఉన్నారు, కెప్టెన్, యూసుఫ్. నీళ్ల మీద దిగారు, ఇద్దరూ బయటికి వచ్చారు, తెప్ప గాలి నింపుకుంది. అంతా సవ్యంగా జరిగింది. ఎక్కబోతే తిరగబడింది. మళ్లీ సరిచేశారు. మళ్లీ తిరగబడింది. ప్రతిసారీ కింద దూరి దాన్ని తిప్పింది యూసుఫే. ఎన్నిసార్లని తిప్పుతాడు? మూడోసారో నాలుగోసారో చేతులు పట్టు వదిలేశాయట. తిరగబడిన తెప్ప తాడు పట్టుకుని వేలాడిన కెప్టెన్‌ను జాలరులు తీశారు. యూసుఫ్ దొరకలేదు.

ఇదంతా కిషన్‌బాగ్‌లో యూసుఫ్ ఇంటి వాకిట్లో కెప్టెన్ చెప్తుంటే విన్నాను. ఆ పెద్దమనిషి తలుపుకు కట్టిన పరదా ముందు మట్టిలో కూర్చుని, "నేనే తేలికది కోరిన బెహెన్, నా తప్పే," అని ఏడ్చాడు. పరదా వెనక నుంచి యూసుఫ్ భార్య అడిగింది, పెద్దదే మంచిదని ఆయన ఇంట్లో చెప్పాడు కదా, దాన్నెందుకు పెట్టలేదని. కెప్టెన్ నా వైపు చూశాడు.

"అది కారింది భాభీ," అన్నాను.

రెండోసారి. మనిషి పోయిన తర్వాత. ఆమె, "అయితే మీరేం చేస్తారు భాయ్," అంది. నాకు టీ పంపించింది. తాగాను. ఎట్లా తాగానో, ఆ గొంతు ఎట్లా మింగిందో! నీకు చెప్తుంటే ఇప్పుడు కూడా గ్లాసు గోడకేసి కొట్టాలని ఉంది.

పాడైపోయిన పెద్ద తెప్పను మరుసటి రోజు ముక్కలుగా కోసి మూసీలో వేశాను. అట్ట మాత్రం ఉంచుకున్నాను. కొన్నాళ్లకు టపా ఆఫీసులో ఒక గుమాస్తా చేత చదివించుకున్నాను. నూనె, కొవ్వు, గ్రీజు తగలనీయరాదు. అదే మొదటి వాక్యం. ఇరవయ్యోది కాదు, మొదటిది.

కెప్టెన్ మళ్లీ విమానం ఎక్కలేదు. ఉన్నంతకాలం ఆ ఇంటికి నెలనెలా బియ్యం పంపాడు, ఎవరు తనను పొగిడినా "నేను ఒక మనిషిని చంపినవాణ్ణి" అనేవాడు. అబద్ధం. ఆయన తొందరపడ్డాడు, బరువు చూసుకున్నాడు, ఆ మేరకు ఆయన మీదా నాకు కోపమే. చెరువు దగ్గరికి వచ్చి ఒక్కసారి నీళ్లలో దూకి ఉంటే ఆయనకే తెలిసేది. కానీ పెద్ద రకమే మంచిదని, గోదాము నుంచి ఇంకోటి తెద్దామని నేను చెప్పి ఉంటే గొణుక్కుంటూ అదే ఎక్కించేవాడు. నా పాపాన్ని ఆయన చచ్చేదాకా మోశాడు, నేను చూస్తూ ఉన్నాను.

చదువు రాని మనిషివి, తెలియక చేశావు అని మాత్రం అనకు. కొట్టినా పడతాను, ఆ మాట పడను. నూనె పట్టించింది తెలియక. కారిందన్నది తెలిసి. చదువు లేకపోవడం నా సిగ్గు, దాన్ని కాపాడుకోవడానికి ఒక మనిషిని ఖర్చు పెట్టడం నా నేరం. రెంటినీ ఒక మూటలో కట్టి నాకివ్వకు. ఇన్నేళ్లూ నేను కట్టుకున్నది ఆ మూటే. పేదవాణ్ణి, ఎవరూ నేర్పలేదు, అడిగితే నవ్వేవారు, అని నాకు నేను ఎన్ని చెప్పుకున్నానో! యూసుఫ్ నవ్వేవాడా? నవ్వి, పక్కన కూర్చుని చదివి వినిపించేవాడు. నాకు అప్పుడే తెలుసది.

యూసుఫ్ భార్య పోయింది. ఆ రోజు జ్వరమొచ్చిన బిడ్డ, ఇప్పుడు తనే అమ్మమ్మ. కిషన్‌బాగ్‌లోనే ఉంది. ఆమెకు తెలుగు చదవడం రాదు. శుక్రవారం పోయి, ఈ కాగితాలు నేనే చదివి వినిపిస్తాను. పోతానో లేదోనని నాకే అనుమానం. అందుకే ముందు నీకు చెప్పేశాను. ఇక దాచడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆమె చెప్పు తీసినా సరే, మాట్లాడకుండా తలుపు వేసినా సరే. క్షమించమని అడగను. ఆమెకు ఆ పని కూడా పెట్టడానికి నేనెవణ్ణి?

పెద్ద తెప్ప కారలేదు. నేను పాడుచేశాను, దాచాను, యూసుఫ్ చచ్చిపోయాడు.

రాసేశాను. కోపం తగ్గలేదు. తగ్గకూడదు కూడా. కానీ ఊపిరి ఆడుతోంది.